కరిముల్లాగారు అరగదీసిన పళ్ళసెట్టు

మా భవానీపురంలో పన్ను నొప్పి పుట్టినవాళ్ళు నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు. ముందు మా పక్కింటి కరిముల్లాగారి వరండా ఎక్కేవాళ్ళు. ఆయన డాక్టరు కారు. ఆ సంగతి ఎవరూ అడక్కముందే ఆయనే చెప్పేసేవారు. కట్టుడుపళ్ళ సెట్లు చేసే పనివారు, అంతే. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు చిగుళ్ళకు అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి, మైనంతో దవడ కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, ఉడకబెట్టి, మెరుగుపెట్టి సెట్టు తయారుచేసి ఇచ్చేవారు. వన్ టౌన్లో చిన్న కొట్టు ఉండేది. సాయంత్రాలు ఇంటి వరండాలో బల్ల వేసుకుని మిగిలిన పని చేసుకునేవారు.

ఇరవై ఏళ్ళుగా అందరు డాక్టర్ల పనీ చేతిలోకి తీసుకుని చూసిన మనిషి. ఎవరి చెయ్యి తేలికో, ఎవరికి ఓపిక లేదో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. జ్ఞానదంతం పీకించుకోవాలంటే ఒకరి పేరు చెప్పేవారు. రూట్ కెనాల్ అయితే ఇంకొకరి పేరు. ఆవిడ మూడుసార్లు తిప్పుతుంది, విసుక్కోకండి అని ముందే చెప్పి పంపేవారు. పుచ్చుపన్ను పీకించేసి వదిలించుకుంటానని వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, లోపల కుళ్ళిన నరం తీసి, శుభ్రంచేసి మూసి, పైన క్యాపు వేస్తే సొంత పన్ను ఇంకో పదేళ్ళు ఉంటుందని ఒప్పించేవారు. గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయని మా వీధిలో ఆడవాళ్ళందరికీ భయం. పళ్ళను కదిలించేది ఆ గారేనమ్మా, తీసే డాక్టరు కాదు అని ఎంతమందికి చెప్పారో లెక్క లేదు. అలా పంపినందుకు ఏ డాక్టరు దగ్గరా ఆయన పైసా ఆశించలేదు.

నా పేరు సంపూర్ణమ్మ. మా ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్‌లో ఉద్యోగం చేసేవారు. నాకు నోటిదురుసు ఎక్కువని వీధంతా పేరు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనడం నాకు చేతకాదని నేనూ గొప్పగా చెప్పుకునేదాన్ని. అలాంటి నేను చెప్పాల్సిన ఒక్క మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. కరిముల్లాగారి భార్య షాహీదా 2001లో నోటి క్యాన్సర్‌తో పోయింది. ఊరందరినీ సరైన డాక్టరు దగ్గరికి పంపిన మనిషి సొంత పెళ్ళాన్ని పంపలేదని జనం ఇప్పటికీ అంటారు. ఎందుకు పంపలేదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆయన ఎలాంటి మనిషో చెప్పాలంటే మా మనోజ్ఞ క్లిప్పుల సంగతి చెప్పాలి. 1993లో దానికి పదమూడేళ్ళు. పై పళ్ళు ఎత్తుగా ఉండేవి. బళ్ళో పిల్లలు ఏడిపిస్తున్నారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. కరిముల్లాగారు చూసి, పళ్ళ డాక్టర్లందరూ క్లిప్పులు వేస్తామనే అంటారనీ, దానికోసం ప్రత్యేకంగా చదివినవాళ్ళు వేస్తే వేరనీ చెప్పి, గవర్నర్‌పేటలో పళ్ళ డాక్టరు అబ్రహాముగారి ఆసుపత్రికి పంపారు. అక్కడికి ప్రతి గురువారం గుంటూరు నుంచి క్లిప్పుల డాక్టరు ఒకాయన వచ్చేవాడు. ఆయన చూసీ చూడగానే నాలుగు పళ్ళు పీకాలన్నాడు. పుచ్చినవి కావు, గట్టిగా ఉన్న పళ్ళు. నేను ఒంటికాలి మీద లేచాను. పిల్లను లాక్కుని ఇంటికొచ్చి, నీ అబ్రహామూ నువ్వూ ఒకటేనయ్యా అన్నంత పని చేశాను కరిముల్లాగారి మీద.

ఆయన ఏమీ అనుకోలేదు. మనోజ్ఞ నోటి అచ్చు తెప్పించి, ప్లాస్టర్ దవడ నా చేతిలో పెట్టి, ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురు కూర్చుంటే ఒకరు ముందుకొచ్చేస్తారు కదా చెల్లెమ్మా, ఇదీ అంతే అన్నారు. ఎక్కడ చోటు లేదో, ఏ పన్ను ఎటు జరగాలో, తీగ నెలనెలా ఎందుకు బిగించాలో అరగంటసేపు చూపించారు. రెండేళ్ళు పట్టింది. క్లిప్పులు తీశాక పళ్ళు వెనక్కి రాకుండా రాత్రిళ్ళు పెట్టుకోవాల్సిన ప్లేటు ఆయనే చేసిచ్చారు. ఈ రోజున నా కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతోందంటే అది ఆయన చలవే.

ఇక షాహీదా. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే పిట్టగోడ. పెరట్లో బట్టలు ఆరేసేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు మా మాటలు ఆ గోడ మీదుగానే సాగేవి. నేను వాళ్ళాయన్ని అన్నయ్యగారూ అనేదాన్ని కాబట్టి ఆమె నాకు వదిన. ఆమెకూ నేను వదిననే. ఎవర్నీ ఒక్క మాట అనలేని మనిషి. కూరగాయల బండివాడు తూకంలో మోసం చేస్తే, పాపం వాడి ఇంట్లో ఏం ఇబ్బందో అనేది. అప్పుడు వాణ్ణి కడిగేసే పని నాది.

ఒక్కగానొక్క కూతురు జుబియా పుట్టిన దగ్గర్నుంచీ షాహీదాకు చిగుళ్ళ జబ్బు. నలభై దాటేసరికి పళ్ళన్నీ వదులైపోయాయి. 1995లో మిగిలిన నాలుగూ అబ్రహాముగారే తీసేశారు. ఆ తర్వాత కరిముల్లాగారు ఆమె సెట్టు మీద మూడు నెలలు కూర్చున్నారు. ఊళ్ళోవాళ్ళ సెట్టు వారంలో చేసిచ్చే మనిషి! మైనంలో పళ్ళు నిలబెట్టడం, నచ్చక పీకేయడం, మళ్ళీ నిలబెట్టడం. పై వరసలో ఎడమవైపు పన్ను ఒకటి పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉండేలా పెట్టారు. అదేంటన్నయ్యగారూ, చేసేవాళ్ళు వరసగా చెయ్యొచ్చుగా అని నేను వెక్కిరించాను. పెళ్ళినాడు ఆమె పన్ను అలాగే ఉండేదట. సిగ్గుపడుతూ చెప్పారాయన. షాహీదా లోపలికి పారిపోయింది.

ఆ సెట్టు పెట్టుకున్నాక అది కట్టుడుదని ఎవరూ పోల్చుకోలేకపోయారు. అబ్రహాముగారు చూసి, ఇంత మంచి సెట్టు నా సర్వీసులో చూడలేదన్నారట. ఆ మాట కరిముల్లాగారు ఎన్నిసార్లు చెప్పారో! ఎవరైనా కొత్తవాళ్ళు సెట్టు కోసం వస్తే టీ వంకతో షాహీదాను వరండాలోకి పిలిచేవారు. ఆమె టీ ఇచ్చి నవ్వి వెళ్ళేది. ఆమె వెళ్ళాక, చూశారా, అవి నేను చేసినవే అనేవారు. ఆయన జీవితంలో పడ్డ గర్వమంతా అదే.

షాహీదాకు ఉన్నది ఒకే ఒక అలవాటు. మధ్యాహ్నం అన్నం తిన్నాక తమలపాకులో జర్దా పొగాకు వేసుకుని ఎడమ బుగ్గన పెట్టుకునేది. గంటల తరబడి అక్కడే ఉండేది ఆ ముద్ద. ఆయన కోప్పడేవారు, నేనూ తిట్టేదాన్ని. ఇదొక్కటీ వదిలెయ్యండర్రా నాకు అని నవ్వేది.

ఇంకో సంగతి చెప్పాలి. 1998లో కూచిపూడి అవతలి పల్లెటూరు నుంచి తిరుపతిరావుగారనే రైతు ఆయన దగ్గరికి వచ్చాడు. కింద సెట్టు ఒత్తుకుని పుండు పడిందన్నాడు. సెట్టు ఒత్తుకుంటే సెట్లు చేసేవాళ్ళు చేసే పని ఒకటుంది. పుండు మీద కాపీయింగ్ పెన్సిల్‌తో తడి చుక్క పెడతారు. సెట్టు పెట్టి కొరకమంటారు. తీసి చూస్తే ఆ ఊదారంగు మరక సెట్టుకు అంటుకుని ఉంటుంది. మరక పడినచోట ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితంతో నున్నగా చేస్తారు. ఒత్తిడి పోతే నాలుగు రోజుల్లో పుండు మానుతుంది. తిరుపతిరావుకు ఒకసారి అలా చేసి పంపారు. రెండు వారాల తర్వాత అతను మళ్ళీ అదే పుండుతో వస్తే, కరిముల్లాగారు ఆకురాయి ముట్టుకోలేదు. ఎదురుగా నేనున్నాను, ఆ మాట నా చెవులతో విన్నాను.

“సెట్టు అరగదీశాక కూడా రెండు వారాల్లో మానని పుండు సెట్టువల్ల వచ్చింది కాదండీ. అది నా పని కాదు. ఇప్పుడే అబ్రహాముగారి దగ్గరికి వెళ్ళండి” అన్నారు.

తిరుపతిరావుకు అది క్యాన్సరే. మొదట్లోనే దొరికింది కాబట్టి చిన్న ఆపరేషన్‌తో పోయింది. మరుసటేడు బస్తాడు మినుములు తెచ్చి వరండాలో దించి, మీరే నాకు ప్రాణం పోశారని కరిముల్లాగారి చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ మినుములు నాకూ నాలుగు శేర్లు పెట్టింది షాహీదా. రెండు వారాల సంగతి ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

2000 మార్చిలో షాహీదాకు పుండు వచ్చింది. ఎడమవైపు, కింద, బుగ్గా చిగురూ కలిసేచోట. సెట్టు ఒత్తుకుంటోందని ఆయనకు చెప్పింది. ఆయన పెన్సిల్ చుక్క పెట్టి, అరగదీసి, పెట్టి చూసి, ఇప్పుడెలా ఉందన్నారు. హాయిగా ఉందంది. పది రోజులకు మళ్ళీ ఒత్తుకుంటోందంది. మళ్ళీ అరగదీశారు. అలా నెలకు రెండుసార్లు ఆ వరండాలో ఆమె కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చోవడం, ఆయన సెట్టును దీపం వెలుగులో తిప్పి తిప్పి చూడడం నా కళ్ళారా చూశాను. తను చేసినవాటన్నిట్లోకీ గొప్ప సెట్టులో లోపం ఎక్కడుందో ఆయనకు అంతుపట్టలేదు. ఆ పంతంలో పడిపోయారు. చూపంతా సెట్టు మీదే ఉండేది, నోట్లోకి సరిగ్గా చూసేవారు కాదు. పోయినసారి పుండు మానిందా అని అడిగేవారు. మానింది, ఇది కొత్తది అని ఆమె చెప్పేది. నమ్మేవారు. అబద్ధం చెప్పే మనిషి కాదు కదా.

జూన్‌లో ఒకనాడు పెరట్లో నేను అప్పడాలు ఎండబెడుతున్నాను. షాహీదా గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. ఎడమ చెంప కొద్దిగా ఉబ్బి ఉంది. ఏంటి వదినా ఇంకా తగ్గలేదా అన్నాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“అది ఎప్పుడూ తగ్గలేదు వదినా. మార్చిలో వచ్చిందే ఇది. ఒక్కరోజు కూడా మానలేదు.”

మరి మానిందని ఆయనకు ఎందుకు చెబుతున్నావే పిచ్చిదానా అని అరిచాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“అంతసేపు కూర్చుని అరగదీసి, ఎలా ఉంది అని నా మొహంలోకి చూస్తాడు వదినా. ఆ చూపు చూసి బాగాలేదని ఎలా చెప్పను? ఆయన చేసిన సెట్టే నాకు సరిపోలేదంటే ఆ మనిషి తట్టుకోలేడు.”

ఆయనకు చెప్పొద్దు, మనిద్దరం కలిసి అబ్రహాముగారి దగ్గరికి వెళ్దాం పద అన్నాను. వాళ్ళాయన అబ్రహాముగారికీ సెట్లు చేస్తారు, అక్కడికెళ్ళి కూర్చుంటే సాయంత్రానికి ఆ సంగతి ఇంటికి చేరదా అంది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, కరిముల్లా భార్య సెట్టు పడక డాక్టర్ల చుట్టూ తిరుగుతోందని వన్ టౌన్ అంతా అనుకుంటారంది. ఆమె అన్నదీ నిజమే. ఊళ్ళో పళ్ళ డాక్టర్లలో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. అప్పటికి జుబియాకు పెళ్ళైన ఏడేళ్ళకు కడుపు పండింది. ఐదో నెల. పురుడయ్యాక తప్పకుండా చూపించుకుంటాను, ఈ లోపల ఎవరికీ చెప్పనని మాటివ్వమంది. నేను ఒప్పుకోలేదు. నా చెయ్యి లాక్కుని, మనోజ్ఞ మీద ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి, అప్పటికప్పుడు గోడ దూకి వెళ్ళి ఆయనతో చెప్పాల్సింది. చెప్పలేదు. పిల్ల మీద ఒట్టు కదా అని భయపడ్డాను. అది ఒక కారణం. ఆడదాని పరువు, మొగుడి మీద ప్రేమ అని మనసులో ఒకలాంటి మెచ్చుకోలు కూడా ఉంది నాకు. ఎంత మంచిదీ షాహీదా అనుకున్నాను. నా మెచ్చుకోలు తగలెయ్య.

అక్టోబరులో జుబియా పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. ఇక పద వదినా అన్నాను. బాలింతను వదిలి ఎలా వస్తాను, నలభై రోజులు పోనీ అంది. నలభై రోజులు నిండేసరికి రంజాన్ నెల వచ్చింది. పండగ కాగానే వెళ్దామంది. ఆ నెలంతా ఉపవాసాలు కాబట్టి పగలు ఆమె తినడం లేదని ఎవరికీ అనుమానం రాలేదు. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు కాస్త గంజి తాగి, కడుపు నిండిందనేది. మనిషి సగమైపోయింది. బాలింతకు చేసి చేసి అలిసిపోయిందని కరిముల్లాగారు బాధపడేవారు. ఆ నెలలోనూ రెండుసార్లు సెట్టు అరగదీశారు. ఆమె ఎప్పట్లాగే హాయిగా ఉందని నవ్వింది.

పండగ రోజు అబ్రహాముగారు ప్రతి ఏడూ వచ్చినట్టే వచ్చారు. అరవై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతారు. మేమూ ఉన్నాం. షాహీదా అందరికీ సేమ్యా పాయసం పెట్టింది. మీరూ తినండమ్మా అని ఆయన బలవంతం చేస్తే, కప్పు తీసుకుని కుడివైపుకు తల వంచి, పాలు మాత్రం చప్పరించింది. ఆయన అది కనిపెట్టారు. కప్పు కింద పెట్టి, ఒకసారి సెట్టు తీసి ఇలా వెలుతురులోకి రమ్మన్నారు.

కరిముల్లాగారు నవ్వుతూ, “సెట్టు ఒత్తుకుంటోందండీ, తొమ్మిది నెలల్నుంచి అరగదీస్తూనే ఉన్నాను, చిక్కడం లేదు” అన్నారు.

అబ్రహాముగారు టార్చిలైటు వేసి చూశారు. చాలాసేపు చూశారు. చెంప కింద, మెడ దగ్గర వేళ్ళతో తడిమారు. లైటు ఆపేసి జేబులో పెట్టుకున్నారు. రేపు పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకురండి, పుండులో ముక్క తీసి పరీక్షకు పంపాలి అని కరిముల్లాగారి వైపు చూడకుండా చెప్పారు. ముక్క పరీక్ష అనే మాట కరిముల్లాగారికి కొత్త కాదు. తిరుపతిరావుకు ఆ మాటకు అర్థం చెప్పింది ఆయనే.

ఆ తర్వాత జరిగింది పెద్దగా చెప్పను, చెప్పడానికి నాకు చేతకాదు. హైదరాబాదు తీసుకెళ్ళారు. కింది దవడ ఎడమవైపు ఎముక తీసేశారు. మెడలో గడ్డలు తీశారు. రేడియేషన్ కరెంటు పెట్టారు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోసేవాళ్ళు. మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు, వాళ్ళాయనకు తప్ప. సగం దవడతో ఆమెకు ఇక ఏ సెట్టూ నిలబడదని తెలిసి కూడా ఆయన రెండుసార్లు మైనం వేడిచేసి కొలత తీయబోయారు. ఆమె తల అడ్డంగా ఊపి ఆయన చెయ్యి పట్టుకునేది. రోజూ వెళ్ళేదాన్ని. నన్ను చూసినప్పుడల్లా వేలు పెదవుల మీద పెట్టుకునేది. చెప్పకు అని. ఆగస్టులో పోయింది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యి అందరూ వెళ్ళాక, పెరట్లో గిన్నెలు సర్దుతున్నాను. కరిముల్లాగారు గోడకు అవతలి వైపు వచ్చి నిలబడ్డారు. ఆ నలభై రోజుల్లో ముసలివారైపోయారు.

“చెల్లెమ్మా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. పుండు మానింది, ఇది కొత్తది అని షాహీదా నాతో ప్రతిసారీ చెప్పింది. నిజంగా మానేదా? మీకేమైనా చెప్పిందా?”

జవాబు నా నాలుక చివరే ఉంది. కానీ చెప్తే, మీకు తెలిసీ ఆరు నెలలు ఎందుకు ఊరుకున్నారు అనరూ? షాహీదా వేలు పెదవుల మీద పెట్టుకోవడం కూడా గుర్తొచ్చింది. పోయిన మనిషికి ఇచ్చిన మాట అని పైకి సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నేను నా పిరికితనాన్ని దాచుకున్నాను.

“మానేదన్నయ్యగారూ. మానేది, మళ్ళీ వచ్చేది. నేనూ చూశాను” అన్నాను.

ఆయన తల ఊపారు. మాని, మళ్ళీ అక్కడే వచ్చిందంటే ఒత్తుకున్నట్టే కదా అన్నారు. అంటే నా సెట్టే అన్నమాట, అని లోపలికి వెళ్ళిపోయారు. నేను ఏం చేశానో నాకు అప్పుడు తెలిసింది.

మర్నాటి నుంచి కొట్టు తెరవలేదు. అచ్చులు, పళ్ళ పెట్టెలు, ఆకురాళ్ళు అన్నీ ఎవరికో ఇచ్చేశారు. అబ్రహాముగారు నాలుగైదుసార్లు వచ్చి, జర్దావల్ల వచ్చిన జబ్బు ఇది, మీ సెట్టు చేసింది ఏమీ లేదు అని బతిమాలారు. కరిముల్లాగారు ఒకటే మాట. పుండు మాని మళ్ళీ వచ్చింది, పక్కింటి సంపూర్ణమ్మగారే చూశారు, తొమ్మిది నెలలపాటు ఒకేచోట రాపిడి పెడితే ఏమవుతుందో నాకు తెలియదా అని. నా అబద్ధం ఆయనకు సాక్ష్యమైపోయింది. పంటి నొప్పితో వరండా ఎక్కినవాళ్ళను, నేను డాక్టర్ని కాదు, నాకు తెలియదు అని వెనక్కి పంపేసేవారు. మరుసటేడు ఇల్లు ఖాళీచేసి గుడివాడలో జుబియా దగ్గరికి వెళ్ళిపోయారు.

2006లో జుబియా ఫోన్ చేసింది. నాన్న పళ్ళన్నీ పోయాయట. సెట్టు కట్టించుకోమంటే వినడట. రోజూ పిసికిన మెతుకులే తింటూ చిక్కిపోతున్నాడట. సెట్టు పేరెత్తితే లేచి బయటికి వెళ్ళిపోతున్నాడు, మీ మాటైతే వింటాడు, ఒకసారి రండి ఆంటీ అని ఏడ్చింది. ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. ఐదేళ్ళు ఆ మనిషిని భార్యను చంపినవాడిగా బతకనిచ్చాను. ఇక నావల్ల కాలేదు. తిడితే తిడతారు, మొహం చూడనంటే అంటారు, చెప్పేయాలనుకున్నాను. మర్నాడే గుడివాడ బస్సెక్కాను.

కరిముల్లాగారు గుమ్మం పక్కన కుర్చీలో ఉన్నారు. బుగ్గలు లోపలికి పోయి గుర్తుపట్టలేనట్టు అయిపోయారు. నన్ను చూసి సంతోషించి, మనోజ్ఞ ఎలా ఉందని అడిగారు. పళ్ళు కదలలేదు కదా అన్నారు. జుబియా వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, ఇక ఆలస్యం చేస్తే ధైర్యం పోతుందని గబగబా చెప్పేశాను. ఆనాడు మీతో అబద్ధమాడానన్నాను. పుండు మార్చిలో వచ్చింది వచ్చినట్టే ఉంది, ఒక్కరోజు కూడా మానలేదు, జూన్‌లోనే నాకు చెప్పింది, మనోజ్ఞ మీద ఒట్టేయించుకుంది, మీ మనసు కష్టపెట్టలేక మానిందని మీతో చెబుతూ వచ్చింది, అది మొదటి నుంచీ జబ్బే, మీ సెట్టు తప్పు రవ్వంత లేదు అన్నాను. నా తప్పే ఉంది, నన్ను ఏమన్నా పడతానన్నాను.

ఆయన మొహం తేటపడుతుందని చూశాను. ఐదేళ్ళ బరువు దిగుతుంది కదా అనుకున్నాను. ఆయన వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంటున్నారు. మార్చి, ఏప్రిల్, మే. నెలల పేర్లు నాకు వినబడ్డాయి. డిసెంబరు దాకా వచ్చి ఆగారు.

“ఒక్కరోజు కూడా మానలేదా?” అన్నారు.

“లేదన్నయ్యగారూ.”

“అయితే నేను సెట్టు పెట్టిన ప్రతిసారీ పచ్చిపుండు మీదే పెట్టాను. గట్టిగా కొరుకు అనేవాణ్ణి. కొరికేది. హాయిగా ఉందని నా మొహం చూసి నవ్వేది.”

నేను సెట్టు మాట ఎత్తబోయాను. అది తప్పు చేయలేదని తెలిసింది కదా, ఇప్పుడైనా మీరు కట్టించుకోండి అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“ఇన్నాళ్ళూ నా సెట్టు చంపిందనుకున్నాను. అదే నయం, చెల్లెమ్మా.”

జుబియా టీ తెచ్చింది. నాన్న ఒప్పుకున్నాడా ఆంటీ అని కళ్ళతోనే అడిగింది. బస్సుకు టైమవుతోందని చెప్పి నేను లేచాను.